జనవరి గాలి చూసి సముద్రం ఒడ్డున ఇల్లు కట్టొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

సంక్రాంతి దాటిందంటే ప్రకాశం, నెల్లూరు జిల్లా పేజీల్లో కొత్తపట్నం, పాకల, తుమ్మలపెంట, మైపాడు వైపు ప్లాట్ల ప్రకటనలు వరసపెట్టి వస్తాయి. కెనడా, అమెరికా, బ్రిటన్ లాంటి చలి దేశాల్లో ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసి, మిగతా కాలం సొంత జిల్లాలో సముద్రం దగ్గర గడుపుదామనుకునేవాళ్లు వాటిని శ్రద్ధగా చదువుతారు. వాళ్లు రావడం మాకు సంతోషమే. ఊళ్లలో పని దొరుకుతుంది, తాళాలు పడిన ఇళ్లు తెరుచుకుంటాయి. కానీ వాళ్లు తీరాన్ని చూస్తున్నది జనవరిలో. అప్పుడు పగలు 30 డిగ్రీలు, తెల్లవారుజామున 20. బావుల్లో నీళ్లు తియ్యగా ఉంటాయి, రోడ్లు పొడిగా ఉంటాయి. సెలవులు అయ్యేలోపే అడ్వాన్సు ఇచ్చేసి, హైదరాబాద్‌లో గీయించిన ప్లానుతో ఇల్లు మొదలుపెడుతున్నారు. నాలుగైదేళ్లకే సజ్జాల అంచులు పెచ్చులూడి లోపలి చువ్వ బయటపడుతోంది. ఈ తీరంలో స్లాబులు, వైరింగు, బోర్ల పనులు చేసేవాళ్లం కనుక ఈ నష్టం ఎందుకు వస్తోందో, ఎలా తప్పించుకోవచ్చో మీ పాఠకుల ముందు పెడుతున్నాం.

ముందుగా చెప్పేది ఒకటే. కొనకముందు ఏడాది అద్దెకు ఉండండి. అదీ ఒంగోలులోనో నెల్లూరులోనో కాదు, ఇల్లు కట్టాలనుకున్న ఊళ్లోనే. మన ఎండాకాలం రెండు రకాలు. పడమటి గాలి బలంగా వీచే రోజున వడ కొడుతుంది, 40 దాటడం మామూలు. మిగతా రోజుల్లో మధ్యాహ్నానికి పైరగాలి (సముద్రం మీది గాలి) తిరిగి ఎండ తగ్గుతుంది, దాని బదులు ఉక్కపోత వస్తుంది. పడమటి గాలి గట్టిగా ఉన్నప్పుడు పైరగాలి మూడు, నాలుగింటికి గానీ తిరగదు, ఒక్కోరోజు అసలు తిరగదు. ఒడ్డున ఉన్నాం కదా, చల్లగానే ఉంటుందిలే అనుకున్నవాళ్లకు ఈ సంగతి మే నెలలో గానీ తెలియదు. నైరుతి వానలు కోనసీమకు వచ్చినంతగా మనకు రావు, జూన్‌లో కూడా ఎండలే. అసలు వాన అక్టోబరు, నవంబరుల్లో. నెల్లూరుకు ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా ఆ ఈశాన్య రుతుపవనాలదే.

చలి దేశం నుంచి మకాం మార్చేవాళ్లు అక్టోబరులో దిగితే రెండు మేళ్లు. వానాకాలం, చలికాలం మీదుగా మెల్లగా ఎండాకాలంలోకి వెళ్తారు కనుక ఒంటికి అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది. ఏప్రిల్ చివర విమానం దిగి నేరుగా ఎండలో పడితే ఆ వ్యవధి ఉండదు. రెండోది పన్ను లెక్క. అక్టోబరు మొదటి వారం తర్వాత వస్తే మార్చి 31 లోపు ఇక్కడ గడిపే రోజులు 182 కన్నా తక్కువే అవుతాయి. అయితే అంతకు ముందు నాలుగేళ్లలో ఎన్ని రోజులు ఇక్కడ ఉన్నారన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఏటా వచ్చి నెలల తరబడి ఉండి వెళ్లేవాళ్లు టికెట్ కొనేముందే ఆడిటరు దగ్గర కూర్చోవాలి. వచ్చాక ఎన్ఆర్ఈ ఖాతాను (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతా) అలాగే ఉంచేయకూడదు. స్థిరపడ్డానని బ్యాంకుకు చెప్పి, దాన్ని రెసిడెంట్ ఖాతాగానో, డబ్బును విదేశీ కరెన్సీలోనే ఉంచే ఆర్ఎఫ్‌సీ ఖాతాగానో మార్పించుకోవాలి.

ఆ అద్దె ఏడాదిలో నవంబరు వానల్లో స్థలం దగ్గరకు తప్పనిసరిగా వెళ్లి చూడాలి. నీళ్లు ఎంత లోతు నిలిచాయి, ఎన్ని రోజుల్లో దిగాయి, ఎటు పోయాయి అన్నది చూడండి. పక్కింటి గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో టేపుతో కొలిచి, బేస్‌మెంట్ ఎత్తు దానికి కనీసం రెండడుగులు పైన పెట్టుకోండి. మన తీరపు ఊళ్లు చాలావాటికి బకింగ్‌హాం కాలువ దాటి వెళ్లాలి. దాటడానికి వంతెనలు ఎన్ని, వాటిలో ముంపుకు మునిగేవి ఏవి, రాత్రిపూట ఒంగోలు, కావలి లేదా నెల్లూరు ఆసుపత్రికి ఎంత సేపు పడుతుంది అన్నవి ప్లాటు వెలకన్నా ముందు తేలాల్సిన విషయాలు. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర జాతీయ రహదారే కోసుకుపోయింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మన రెండు జిల్లాలనూ తడిపి ముద్ద చేసింది. తుఫాను నవంబరు, డిసెంబరుల్లోనే వస్తుందన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. 2010లో లైలా వచ్చింది మే నెలలో.

ఇక కట్టుబడి. సముద్రపు గాలిలో తేమతోపాటు ఉప్పు వస్తుంది. ఆ ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు గుండా మెల్లగా ఇంకి చువ్వను చేరుతుంది. కాంక్రీటులోని క్షార గుణం చువ్వ చుట్టూ కట్టిన రక్షణ పొరను ఆ క్లోరైడు తెంచేస్తుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి పైన ఉన్న కాంక్రీటు చీలి ఊడుతుంది. చీలిక పడ్డాక ఉప్పుగాలికి దారి ఇంకా సులువవుతుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేయిస్తే లాభం లేదు, లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది. చువ్వ వెనక వైపు దాకా చెక్కి, తుప్పంతా గీకి, చువ్వకు పూత వేసి, రిపేరు మోర్టారుతో కప్పాలి. అందుకయ్యే ఖర్చుతో పోలిస్తే మొదట్లో జాగ్రత్తకు అయ్యేది చాలా తక్కువ.

ఇందుకు కొలతలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. కాంక్రీటు పనులకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 కోడ్ తీరప్రాంతపు గాలికి ఎదురుగా ఉన్న కాంక్రీటును తీవ్రమైన పరిస్థితిగా లెక్కగట్టి, కనీసం ఎం30 గ్రేడు (కాంక్రీటు బలం), చువ్వ మీద 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం), ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, నీరు సిమెంటు నిష్పత్తి 0.45కు మించకూడదని చెబుతోంది. కెరటాల తుంపర పడేంత దగ్గరైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే ఎం20తో, 20 మిల్లీమీటర్ల కవరుతో స్లాబు పోసేస్తున్నారు. లోపలి ఊళ్లలో అది నడుస్తుంది, ఒడ్డున నడవదు.

0.45 నిష్పత్తి అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్ల నీళ్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. కాంక్రీటు బిగుతుగా ఉందని మిక్సరు దగ్గర ఇంకో అర బకెట్ పోస్తారు. పని సులువవుతుంది, కానీ ఆ అదనపు నీరు ఆరిపోయాక మిగిలే సన్నటి రంధ్రాల్లోంచే ఉప్పు లోపలికి పోతుంది. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వాడించాలి తప్ప నీళ్లు పోయనివ్వకూడదు. స్లాబు రోజున ఇంటి యజమాని చేయాల్సిన పెద్ద పని ఆ బకెట్ దగ్గర నిలబడడమే. సిమెంటు కొనేటప్పుడు స్లాగ్ సిమెంటు అడగండి, క్లోరైడును అది మెరుగ్గా అడ్డుకుంటుంది. అయితే దాన్ని కనీసం 10 రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు గోనెపట్టాలు కప్పి తడపాలి. తడిపే నీళ్లు, కలిపే నీళ్లు మంచివి కావాలి. స్టీలున్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదన్నది నియమం. ఒడ్డు దగ్గర వేసిన లోతు బోరు నీళ్లు చాలాచోట్ల దీన్ని దాటిపోతాయి. గాలి నుంచి ఉప్పు చేరడానికి ఏళ్లు పడుతుంది, ఆ బోరు నీళ్లతో కలిపితే అది మొదటి రోజే లోపల చేరిపోతుంది. ఒక సీసా నీళ్లు పరీక్షకు ఇవ్వండి, లేకపోతే ట్యాంకరు తెప్పించండి. ఇసుక విషయమూ అంతే. ఒడ్డు ఇసుక ఎంత తెల్లగా ఉన్నా ముట్టుకోవద్దు. పెన్నా ఇసుకైనా ముఖద్వారం దగ్గర తవ్విందైతే పనికిరాదు.

స్లాబు పోసే ముందురోజు సాయంత్రం సెంట్రింగ్ మీదకు ఎక్కి చూడండి. చువ్వల కింద కంకర ముక్కలు, ఇటుక ముక్కలు పెట్టి ఉంటే తీయించి, కాంక్రీటుతోనే చేసిన కవర్ బ్లాకులు మీటరుకు ఒకటి చొప్పున పెట్టించండి. ఆ తర్వాత బైండింగ్ వైరు కొసలు చూడండి. చువ్వలు కట్టి మెలేసిన వైరు తోకలు కిందికి దిగి సెంట్రింగ్ రేకును తాకుతుంటాయి. స్లాబు కింద రేకులు తీశాక ఆ కొసలే చిన్న గోధుమ రంగు చుక్కలుగా కనిపిస్తాయి. 45 మిల్లీమీటర్ల కవరు ఇచ్చినా, ఆ సన్న తీగ వెంటే తుప్పు పైకి పాకి చువ్వను చేరుతుంది. ప్రతి కొసనూ లోపలికి వంచేయాలి, ఒక మనిషికి ఒక పూట పని. చువ్వలు సైటులో ఇసుక మీద నెలల తరబడి పడి ఉంటే వాటి మీద ఉప్పు పేరుకుంటుంది. కట్టేముందు మంచినీళ్లతో కడిగించాలి. సజ్జాల్లో ప్రధానమైన చువ్వ పైన ఉండాలి. కూలీలు తొక్కి అది కిందికి దిగిపోతే సజ్జా బలమూ పోతుంది, కవరూ పోతుంది. ముందుగా ఊడేవి సజ్జాలే కావడానికి ఇదీ ఒక కారణం.

చలి దేశాల ఇళ్లు వెచ్చదనం బయటికి పోకుండా కట్టినవి. ఎండ లోపలికి రావడానికి పెద్ద అద్దాలు, గాలి చొరబడకుండా బిగింపులు పెడతారు. ఆ అలవాటుతో ఇక్కడ తూర్పు గోడంతా అద్దం పెడితే పొద్దున ఏడింటికే ఇల్లు కాగుతుంది, తుఫాను గాలికి మొదట పగిలేదీ అదే. నెల్లూరు తీరానికి గాలి లెక్కల కోడ్ పెట్టిన మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి తట్టుకునే అద్దం మందం ఎంతో, పైకప్పు మీది సోలార్ ఫ్రేములకు బోల్టులు ఎన్నో ఇంజినీరు చేత లెక్క కట్టించాలి. అద్దాల బదులు తూర్పున వరండా, అన్ని కిటికీలకు రెండున్నర అడుగుల సజ్జా, ఎదురెదురు కిటికీలు పెట్టుకోండి. పడమర గోడ వైపు మెట్లు, బాత్రూములు, స్టోరు వస్తే సాయంత్రం ఎండ వేడి పడకగదిదాకా రాదు. మేడ మీద తెల్లటి పూత వేయించండి.

రెయిలింగులకు స్టెయిన్‌లెస్ స్టీలని చెప్పి అంటగట్టేది ఎక్కువగా 202 గ్రేడు. అయస్కాంతం అంటుకోవట్లేదు కనుక మంచిదే అని చూపిస్తారు. 202కు కూడా అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్ష దేనికీ పనికిరాదు. బిల్లు మీద 316 అని రాయించుకోండి. 304 కూడా ఒడ్డున మరకలు పడుతుంది. యూపీవీసీ కిటికీలు మంచివే కానీ వాటి మడతబందులు, స్క్రూలు మామూలు ఇనుమైతే కిటికీ బాగానే ఉండి తలుపు ఊడుతుంది. ఏసీ బయటి యూనిట్‌ను సముద్రం వైపు పెట్టించొద్దు, ఇంటి వెనక గాలి చాటున పెట్టించి నెలకోసారి మంచినీళ్లతో కడగండి.

కరెంటు సంగతి. అమెరికా, కెనడా నుంచి కంటెయినర్‌లో వస్తువులు వేసుకొచ్చేవాళ్లకు మేము చెప్పేది, మోటారున్న ప్రతిదీ అక్కడే వదిలేయండి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. వాషింగ్ మెషీన్, ఫ్రిజ్ మోటార్లు ఆరింట అయిదు వంతుల వేగంతో తిరుగుతూ వేడెక్కి కాలిపోతాయి. మైక్రోవేవ్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌కూ అదే గతి. ల్యాప్‌టాప్, ఫోన్ చార్జర్ల మీద 100–240 అని ఉంటుంది, వాటికి ప్లగ్ మారిస్తే చాలు. బ్రిటన్, యూరప్ వస్తువులకు ఈ బెడద లేదు. ఎర్తింగ్‌కు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు వేస్తే ఉప్పు నేలలో తినేస్తుంది, రాగి పూత ఉన్న రాడ్డు వేయించి ఏటా వేసవిలో కొలిపించాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు లేని ఇంట్లో తీరప్రాంతంలో నివాసముండొద్దు. తడిచేతులు, చెమ్మగోడలు, ఉప్పు పేరుకున్న స్విచ్చులు ఒకచోట చేరే ఇళ్లివి.

నీళ్ల విషయంలో ఎక్కువ లోతు వేస్తే మంచినీళ్లు పడతాయన్న నమ్మకం ఇక్కడ తలకిందులు. ఇసుక నేలలో వాననీరు బరువైన ఉప్పునీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల మంచినీటి పొర ఉంటుందని లెక్క. పెద్ద మోటారుతో లాగి పైమట్టాన్ని ఒక అడుగు దించితే, కాలక్రమంలో కింద ఉప్పు అన్ని అడుగులూ పైకి వస్తుంది. ఒకసారి ఉప్పు పట్టిన బోరు నీళ్లు మళ్లీ తియ్యగా మారడానికి ఏళ్లు పడుతుంది, పక్కవాళ్ల బావి కూడా దాంతోపాటే పోతుంది. మన పెద్దలు తవ్విన దొరువుల్లో ఉన్న తెలివి అదే. పైపొరను మాత్రమే, కొంచెం కొంచెంగా తోడుకోవడం. లోతు తక్కువ బావి, చిన్న మోటారు, ఆపి ఆపి తోడడం, మేడ నీళ్లన్నీ ఇంకుడు గుంటలోకి దింపడం. స్థలం చూసేటప్పుడు నీళ్లలో టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) మే నెలలో కొలవండి. తాగడానికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచిది, వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు 2,000. దగ్గరలో రొయ్యల చెరువులుంటే వాటి ఊట ఎటు దిగుతోందో తెలుసుకోవాలి. రాత్రి కూడా ఒకసారి వెళ్లి నిలబడండి. చెరువు నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల మోత తెల్లవార్లూ ఉంటుంది.

ఒంటికి అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, పెద్దవాళ్లకు ఇంకొంచెం. అప్పటిదాకా పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బయటి పనులు పెట్టుకోవద్దు. చలి దేశంలో రాసిన బీపీ మందుల్లో మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి ఉంటాయి. చెమటతోపాటు అవి కూడా ఒంట్లో నీటిని తగ్గిస్తే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. సొంతంగా మానేయకుండా, మార్చి నెలలోనే ఇక్కడి డాక్టరుకు మందుల జాబితా చూపించాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకు కలిపేది, గ్లాసుకు కాదు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా సాధారణంగా 30 డిగ్రీలు మించకుండా నాలుగు వారాలు ఆగుతుంది, కానీ మే నెలలో మన గదులే 30 దాటతాయి. తుఫానుకు కరెంటు పోతే కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టే పద్ధతి లోపలి ఊళ్లలో పనిచేసినంతగా ఒడ్డున పనిచేయదు, తేమ గాలికి కుండ చల్లబడదు. ఇన్వర్టరు మీద చిన్న ఫ్రిజ్ ఉండాలి.

స్థలం కాగితాల దగ్గర ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లు) ముందు గుర్తుపెట్టుకోవాల్సింది, ఇల్లు కొనొచ్చు గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఎకరా సరుగుడు తోటలో చిన్న ఇల్లు అని చూపించేది ఆ కోవలోదే. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం), లింకు డాక్యుమెంట్లు, 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములు), అడంగల్ చూసుకున్నాక, ఆ సర్వే నంబరు అసైన్డ్ భూమో (ప్రభుత్వం పేదలకు ఇచ్చినది), చుక్కల భూమో (పాత రికార్డులో యజమాని పేరు చోట చుక్కలు పెట్టినది) కాదని తేల్చుకోండి. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి కొన్నా సాధారణంగా హక్కు రాదు. విదేశంలో రాయించిన జీపీఏ (మన తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అమ్మేవారిలో ఒక్కరు విదేశంలో ఉన్నా, వారి వాటాకు కొనేవారు ఒక శాతం కాదు, ఎన్‌ఆర్‌ఐలకు వర్తించే ఎక్కువ రేటున టీడీఎస్ (చెల్లించే సొమ్ములోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టాలి.

సీఆర్‌జడ్ (తీరప్రాంతంలో కట్టడాలను నియంత్రించే నియమాలు) గురించి బ్రోకర్లు సగమే చెబుతున్నారు. పల్లె తీరంలో పోటు రేఖ (పోటు నీరు చేరే హద్దు) నుంచి 200 మీటర్లలోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019 నోటిఫికేషన్ చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా జనసాంద్రత ఉన్న ఊళ్లకు దాన్ని 50 మీటర్లకు తగ్గించింది. ఆ తగ్గింపు దక్కాలంటే ఆ ఊరు ఆ లెక్కలోకి రావాలి, కొత్త తీరప్రాంత మ్యాపుకు ఆమోదమూ ఉండాలి. యాభై మీటర్లు చాలట అన్న మాట మీద డబ్బు పెట్టొద్దు. ఉప్పుటేరు గట్టున ఉన్న స్థలాలకు కూడా సీఆర్‌జడ్ నియమాలు వర్తిస్తాయి, దూరం లెక్క మాత్రం వేరు, సముద్రం కనిపించనంత మాత్రాన మినహాయింపు లేదు. ఒడ్డున పడవలు లాగే దారి, వలలు ఆరేసే జాగా కాగితాల్లో కనిపించకపోవచ్చు. పల్లెకారుల బతుకు దాని మీదే నడుస్తోంది. ప్రహరీ ముగ్గు వేసేముందు ఊరి పెద్దకాపుల్ని పిలిచి, ట్రాక్టరు పట్టే వెడల్పున ఆ దారిని కొలిచి ప్లానులోనే వదిలేయాలి.

సంపాదకులను కోరేది రెండు విషయాలు. తీరపు ప్లాట్ల ప్రకటన వేసేటప్పుడు సర్వే నంబరు, పోటు రేఖ నుంచి దూరం తప్పనిసరిగా రాయించండి. తీరంలోని ప్రతి గ్రామ సచివాలయంలో సీఆర్‌జడ్ మ్యాపును ఆ ఊరి సర్వే నంబర్లతో కలిపి, తెలుగులో, గోడకు అంటించమని రెండు జిల్లాల కలెక్టర్లను మీ పత్రిక ద్వారా అడగండి. వచ్చే సంక్రాంతి లోపు అది జరిగితే అడ్వాన్సు ఇచ్చేవాళ్లు ముందు ఆ గోడ దగ్గరకు వెళ్తారు.

ఇట్లు,
కొత్తపట్నం, సింగరాయకొండ, కావలి తీరంలో ఇళ్ల నిర్మాణం, వైరింగు, బోర్ల పనులు చేసేవాళ్లం
ఒంగోలు